మందంగడి మనిషి పట్టిన మిడతలు

మదనపల్లె,
10-6-1979

మీకు నా సలాం.

మీరు నన్ను ఈ క్షయ ఆస్పత్రిలో చేర్చి కుప్పం బస్సెక్కి నేటికి పద్దెనిమిది రోజులు. మన ఇంట్లో మాట్లాడుకునే భాషను రాయడం మీకూ రాదు, నాకూ రాదు. అందుకే ఎనిమిదో తరగతి దాకా బళ్ళో నేర్చుకున్న తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే మీలో మీరు నవ్వుకోండి గానీ అంగడిలో ఎవరికీ చూపించకండి.

సాయంత్రం పూట జ్వరం ఇంకా వస్తూనే ఉంది. రోజూ సూది. ఇక పొడవడానికి చోటు లేదంటే నర్సమ్మ, "ఇంకో పక్క ఉండాది కదమ్మా" అంటుంది. పాలు, గుడ్డు బాగానే ఇస్తారు. నా మంచం కిటికీ పక్కన. బయట చెట్ల మీద ఉడుతలు తిరుగుతుంటే మన నూరీ, బుడ్డోడు గుర్తొస్తారు.

ఎలా ఉన్నాయి అవి? పక్కింటివాళ్ళు పెంకులు దించినప్పుడు గూట్లోంచి పడిన పిల్లలను కళ్ళు తెరిచీ తెరవకముందే మీ చేతిలో పెట్టి వచ్చేశాను. వత్తి తడిపి పాలు పట్టడం చూపించాను గానీ, పళ్ళు వచ్చాక ఏం పెట్టాలో చెప్పలేదు. నాకూ తెలియదు. పక్క మంచంలో పూలమ్మ అని తంబళ్ళపల్లె దగ్గరి ఆవిడ ఉంది, గొర్రెలు కాసే ఇల్లు వాళ్ళది. మన ఉడుతల సంగతి చెబితే ఆమె అంది: "వట్టి పాలబువ్వ పెడితే నడుం పడిపోతాదమ్మా. ఉడత కాయలొకటే తింటాదనుకుంటివా? దానికి బతికిండే పురుగు కావల్ల. పొద్దన్నే ఎండ కావల్ల."

కాబట్టి రోజుకు రెండు మూడు పురుగులైనా పట్టి పెట్టండి. మంచివి చూసి పట్టండి. పగలంతా పురుగులను చంపే మందు అమ్మే మనిషిని, సాయంత్రం బతికున్న పురుగుల కోసం వెతకమంటున్నాను. కోపం తెచ్చుకోకండి.

జైనాబ్

*

కుప్పం,
19-6-1979

జైనాబ్‌కు సలాం, దువా.

నీ ఉత్తరం అందింది. తప్పులు నాలుగే ఉన్నాయి. నేను రాసే దానిలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి.

నీ పూలమ్మ ఎవరో గానీ తెలిసిన మనిషి. బుడ్డోడు వారం రోజులుగా వెనక కాళ్ళు ఈడుస్తున్నాడు. నూరీ అలా కాదు, చొక్కా పట్టుకుని నెత్తి మీదికి ఎక్కుతుంది. బుడ్డోడు కింద కూర్చుని దాన్ని చూస్తుంటాడు. నీ ఉత్తరం చదివిన రోజే పురుగుల వేటకు బయలుదేరాను.

వాన పడింది, వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళిపురుగు లేచింది. అంగడిలో తోసుకుంటున్నారు. ఎక్కడ చూసినా పురుగులే కదా అని దారిలో ఒక గొంగళిపురుగును ఆకులో చుట్టుకుని వస్తుంటే, చెరువు గట్టు దిగువన చేను చేసే మునెయ్య చూసి నా చేతిలోంచి కొట్టేశాడు. "ఏందప్పా, ఎవురికి పెడతావు దీన్ని? ఆ బొచ్చు గొంతులో గుచ్చుకుంటే నీళ్ళు గూడా దిగవు దానికి!" అన్నాడు. తరువాత నన్ను చేలోకి తీసుకుపోయి పాఠం చెప్పాడు. అలసంద పూల మీద ఎరుపు, నలుపు పట్టీల పురుగొకటి ఉంటుంది చూడు, అది చేతి మీద పాకితేనే బొబ్బ లేస్తుందట, కడుపులోకి పోతే ఇక చెప్పేదేముంది. "రంగులు పూసుకోని తిరిగేది, బొచ్చుండేది, కంపు కొట్టేది, వాటి జోలికి పోవద్దు. గడ్డి రంగు మిడతను పట్టు. ముండ్లకాళ్ళు తీసేసి పెట్టు." ఇదీ మునెయ్య శాస్త్రం.

ఇంకొక సంగతి నాకు ఆయన చెప్పక్కరలేదు. మందు కొట్టిన చేలో మిడత పనికిరాదు. ఈ చుట్టుపక్కల ఎవరు మందు కొన్నారో, ఎవరు కొనలేదో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆరేళ్ళలో మునెయ్య మా అంగడి మెట్టెక్కలేదు. అందుకే ఆయన చేలోనే వంగి వంగి మిడతలు పట్టాను. గట్టు మీద పోయేవాళ్ళు, "మందంగడి అలావుద్దీను పురుగులు పట్టుకుంటాండాడు సూడండప్పా" అని ఒకటే నవ్వు.

తువ్వాలులో మూటగట్టి ఆరు తెచ్చాను. నూరీ లాక్కుని తినేసింది. బుడ్డోడు ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని, నమాజుకు కూర్చున్న ముసలాయనలా కూర్చుని నిదానంగా నమిలాడు.

సూది మానకు.

అలావుద్దీన్

*

మదనపల్లె,
29-6-1979

మీకు సలాం.

మీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. మీ అంగడిలో చూపించవద్దన్న నేనే ఇక్కడ చదివాను, ఏమీ అనుకోకండి. మునెయ్య మాటలు విని పూలమ్మ, "ఆయప్ప మా పక్కోడే అయ్యుంటాడు" అంది.

నాలుగు రోజులుగా జ్వరం లేదు. బరువు కూడా కొంచెం పెరిగాను. వచ్చే నెల మళ్ళీ ఫోటో తీసి ఊపిరితిత్తులు చూస్తారట.

ఉత్తరమంతా ఉడుతలే ఉన్నాయి. నేనే అడిగాను కాబట్టి తప్పు నాదే. కానీ నా దగ్గు ఎలా ఉందని మీరు ఒక్క మాట అడగలేదు. ఎప్పుడొస్తారో కూడా రాయలేదు. ఆదివారం అందరి మనుషులూ వస్తారు. పుంగనూరు నుంచి ముక్తియార్ అన్న రెండుసార్లు వచ్చాడు. "బావ రాలేదా?" అని అడిగితే అంగడిలో పని ఎక్కువని చెప్పాను.

నూరీకి ఎక్కువ పెట్టకండి. అది ఆశపోతు.

జైనాబ్

*

కుప్పం,
2-7-1979
(కార్డు)

జైనాబ్‌కు సలాం. ఇక్కడ క్షేమం. పిల్లలు బాగున్నాయి. అంగడిలో పని చాలా ఉంది, ఇప్పుడు రాలేను. మందులు సరిగా వేసుకో.

అలావుద్దీన్

*

మదనపల్లె,
14-7-1979

మీకు సలాం.

మీ కార్డు నాలుగు వరుసలు. పది రోజులుగా వాటినే చదువుతున్నాను. నా ఉత్తరానికి అదే జవాబు అనుకోవాలేమో.

మా వార్డులో రామసముద్రం అమ్మాయి ఒకతె ఉంది. ఆమె భర్త మొదట్లో ప్రతి వారం వచ్చేవాడు. తరువాత నెలకొకసారి. తరువాత కార్డులు. మొన్న ఆమె తమ్ముడు వచ్చి, అతను ఇంకో పిల్లను చేసుకున్నాడని చెప్పి పోయాడు. ఆమె ఏడవలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నేను చుట్టూ తిప్పి మాట్లాడను. మీవాళ్ళు ఎవరైనా అలాంటి మాట అంటూ ఉంటే, మీకూ అదే మేలనిపిస్తే, నాకు నేరుగా చెప్పండి. ఈ జబ్బు మనిషితో ఎన్నాళ్ళని ఉంటారు? కార్డు మీద "క్షేమం" అని రాసి నన్ను తికమక పెట్టకండి. ఉడుతలు బరువైతే మునెయ్యకు ఇచ్చేయండి. ఆయనకు పురుగుల సంగతి తెలుసు.

జైనాబ్

*

కుప్పం,
20-7-1979

జైనాబ్,

నీ ఉత్తరం చదివి నేను పెట్టుకున్న భయం ఎంత తెలివితక్కువదో అర్థమైంది. ఏ పిల్లా లేదు, ఎవరూ ఏ మాటా అనలేదు. ఉన్నది వేరే సంగతి. అది చెప్పలేకే నీ ముఖం చూడడానికి రాలేదు.

నూరీ పోయింది. జూన్ ముప్పైనే పోయింది. "పిల్లలు బాగున్నాయి" అని కార్డు రాసేనాటికి పెరట్లో దాన్ని పూడ్చి రెండు రోజులైంది.

మునెయ్య చేను మంచిదే, మిడతలూ మంచివే. ఆ రోజు పొద్దున వాన వెలిసి మిడతలు బాగా దొరికాయి. తువ్వాలులో పట్టవని అంగడి వెనక పడేసిన మందు డబ్బా ఒకటి తీసుకున్నాను. ఒకసారి బూడిదతో, ఒకసారి సబ్బుతో కడిగాను. వాసన లేదు. ఇంటికి వచ్చి మూత తీసేసరికి మిడతలు కాళ్ళు కొట్టుకుంటున్నాయి. భలే చురుగ్గా ఉన్నాయే అని మురిసిపోయాను. మందు తగిలిన పురుగు ఎలా కొట్టుకుంటుందో ఆరేళ్ళుగా రైతులకు చెప్పి చెప్పి అమ్మినవాణ్ణి, నా కళ్ళ ముందు కొట్టుకుంటుంటే గుర్తుపట్టలేదు. నూరీ నాలుగు తినింది. బుడ్డోడు నెమ్మది కనుక సగమే తిన్నాడు. మధ్యాహ్నానికి నూరీ ఒళ్ళంతా వణికి, నా అరచేతిలోనే చల్లబడింది. బుడ్డోడు సాయంత్రం దాకా వణికి బతికాడు.

దాన్ని పూడ్చి వచ్చి వంటింట్లో కూర్చుంటే ఎదురుగా మన రాగిపిండి డబ్బా కనిపించింది. జైనాబ్, అది నేను అంగడి నుంచి తెచ్చి ఇచ్చిందే. అలాగే కడిగి ఇచ్చాను. రెండేళ్ళుగా అందులోని పిండితో నువ్వు సంగటి చేస్తున్నావు. నీ జబ్బు అందువల్ల వచ్చిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం ఎవరి దగ్గరా రాలేదు. దాన్ని అప్పుడే రాయితో నలగ్గొట్టి పాతిపెట్టాను.

మన ఇంట్లో ఒకటైతే ఊళ్ళో ఎన్ని? "ఖాళీ డబ్బా ఉంటే ఇయ్యప్పా" అని అడిగిన ఆడవాళ్ళందరికీ పిలిచి ఇచ్చినవాణ్ణి నేనే. ఆ మరుసటి రోజు నుంచి ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాను. కొందరు ఇచ్చారు. కొందరు తలుపేసుకున్నారు. మిల్లు వీధి చెంగమ్మ అయితే నా మీదికే వచ్చింది.

"పోయినేడు నించి దాంట్లోనే ఉప్పు పోసుకుంటాండాను. నాకేమన్నా అయినాదా? ఇచ్చినోడివి మళ్ళా యాల అడగతావు?"

"నీ ఉప్పు పక్కన పెట్టమ్మా. డబ్బా నువ్వే కడుగు. నీకు ఇష్టం వచ్చినట్టు కడుగు. ఒక్క మిడతను ఏసి సూద్దాం" అన్నాను.

ఆమె పంతం కొద్దీ చింతపండు పెట్టి తోమింది. జేబులోంచి రెండు మిడతలు తీసి ఒకటి ఆ డబ్బాలో, ఒకటి ఆమె ఇత్తడి చెంబులో వేశాను. "కాఫీ తాగుదువు, కూర్చో" అంది ఎగతాళిగా. మేము కాఫీ తాగడం అయ్యేసరికి చెంబులోది ఎగిరి ఆమె కొంగు మీద వాలింది. డబ్బాలోది వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తోంది. చెంగమ్మ చాలాసేపు వంగి చూసింది. తరువాత, "నా మనవరాలికి మజ్జిగలో ఈ ఉప్పే ఏసినాను గదప్పా" అని మెల్లగా అని, డబ్బాను చేతులతో ముట్టుకోకుండా చీపురుతో బయటికి తోసింది. ఇప్పుడు నాతోపాటు తనూ ఇళ్ళకు వస్తోంది. ఆమె నోటికి భయపడి ఎవరూ తలుపేసుకోవడం లేదు.

నీకు తెలియాల్సింది ఇంతే. బుడ్డోడు ఉన్నాడు గానీ కాళ్ళు ఇంకా ఈడుస్తున్నాడు. పురుగు పట్టి తెచ్చి కూడా, పెట్టడానికి భయపడి వదిలేస్తున్నాను.

అలావుద్దీన్

*

మదనపల్లె,
30-7-1979

మీకు సలాం.

నూరీ కోసం ఏడ్చాను. నాలుగు వారాల కిందట ఏడవాల్సింది ఇప్పుడు ఏడ్చాను. నా ఏడుపు నాకు ఇవ్వకుండా దాచుకునే హక్కు మీకు ఎవరిచ్చారు? అది పోయిందని రాసి ఉంటే ఒక రోజు ఏడ్చేదాన్ని. "క్షేమం" అని రాసి పదిహేను రోజులు ఏడిపించారు. ఇంకెప్పుడూ ఇలా చేయకండి. మంచైనా చెడైనా నాకు రాయండి.

రాగిపిండి డబ్బా సంగతి డాక్టరమ్మను నేనే అడిగాను. ఈ జబ్బు డబ్బా వల్ల రాదట, దగ్గేవాళ్ళ నుంచి గాలిలో వస్తుందట. "కానీ ఆ డబ్బా పాతిపెట్టి మీ ఆయన మంచి పని చేశాడు" అంది. ఊరంతా తిరిగి అడుగుతున్నారని చెబితే ఆమె చేతిలోని కాగితాలు కింద పెట్టి పూర్తిగా విన్నది. ఆ బరువు ఇక దించుకోండి. డబ్బాలు వెనక్కు అడిగే మనిషి ఇంకో పెళ్ళి చేసుకుంటాడని అనుకున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. పూలమ్మ నన్ను పట్టుకుని, "నీ మొగుడు పిచ్చోడమ్మా, మంచి పిచ్చోడు" అంది.

రంజాన్ మొదలైంది. నన్ను రోజా ఉండవద్దన్నారు. మీరు ఉంటున్నారా? ఎండలో తిరిగేటప్పుడు తలకు గుడ్డ కట్టుకోండి.

ఇప్పుడు బుడ్డోడి సంగతి. వాణ్ణి తీసుకుని పుంగనూరు పొండి. ముక్తియార్ అన్న పట్టుపురుగులు పెంచుతాడు కదా. మల్బరీ ఆకు మీద మందు గాలి సోకినా పట్టుపురుగులు తట్టలకు తట్టలే చచ్చిపోతాయి. అందుకే తోట చుట్టూ ఎక్కడా మందు పడనివ్వడు. ఆ ఇంట్లో బతికిన పురుగు కన్నా మంచి పురుగు మన జిల్లాలో ఎక్కడ దొరుకుతుంది? వాటిని మీరు భయం లేకుండా పెట్టవచ్చు.

జైనాబ్

*

పుంగనూరు,
16-8-1979

జైనాబ్‌కు సలాం, దువా.

బుట్టలో బుడ్డోణ్ణి పెట్టుకుని బస్సులో వచ్చాను. కండక్టరు వాడికి టిక్కెట్టు కొట్టనన్నాడు.

మీ అన్న గడపలోనే ఆపేశాడు. "బావా, ఏమనుకోవద్దు. నీ గుడ్డల్లో ఉండే వాసన చాలు, నా పురుగులన్నీ పోతాయి. బాయి కాడికి పోయి తలకు పోసుకోనిరా" అన్నాడు. రెండుసార్లు స్నానం చేయించి, తన లుంగీ ఇచ్చి, అప్పుడు షెడ్డులోకి రానిచ్చాడు. తట్టల నిండా తెల్లటి పురుగులు ఆకు తింటుంటే చిన్న వాన కురుస్తున్న చప్పుడు. చర్మం విడిచే ముందు తిండి మానేసి తల ఎత్తుకుని నిలబడతాయి. దానికి వీళ్ళు జ్వరం అంటారు. రెండో జ్వరం లేచినవి బుడ్డోడికి సరిపోతాయని మీ అన్న ఎంచి ఇచ్చాడు. మెత్తబడినవి, నల్లబడినవి పెట్టనివ్వడు. "రోగం వచ్చినదాన్ని యాల పెడతావు? బాగుండేదాన్నే పెట్టు" అంటాడు. తన పంటలోంచి ఏరి ఇస్తున్నాడు, మళ్ళీ ఒక్క మాట అనడు.

పది రోజులు దాటింది. బుడ్డోడు పొద్దున ఎండలో కూర్చుని రోజుకు నాలుగు తింటున్నాడు. మొన్న వెనక కాళ్ళ మీద లేచి నిలబడ్డాడు. పడ్డాడు. మళ్ళీ లేచాడు. మీ వదిన రహీమున్నీసా రోజా విప్పే పనుల మధ్య కూడా వచ్చి చూసి పోతోంది. ఇంకో సంగతి. నాకు సాయంత్రం పూట తలనొప్పి వచ్చేది కదా, ఇక్కడికి వచ్చాక రాలేదు.

గోవిందస్వామి సంగతి అడుగుతావని తెలుసు. అంగడి యజమాని కదా, మొదట "నా అన్నం తిని నా అంగడి మీదే మన్ను పోస్తాండావా?" అని అరిచాడు. నేను పోట్లాడలేదు. మీ ఇంట్లో ఒకసారి చూడండి అన్నాను. ఆయన పోయి చూస్తే కూతురు పిండివంటలు పెట్టుకున్న డబ్బా మా అంగడి మందు డబ్బానే. సాయంత్రానికి సుత్తీ మేకూ తీసుకుని, ఖాళీ డబ్బాలన్నిటికీ అడుగున తనే తూట్లు పొడుస్తూ కూర్చున్నాడు. ఇక ఎవరూ వాటిలో ఏమీ పోసుకోలేరు. నాకు సెలవు కూడా ఇచ్చాడు.

పండుగ మర్నాడు ఆదివారం. వదిన చేసే సేమియా తీసుకుని వస్తాను.

అలావుద్దీన్

*

మదనపల్లె,
28-8-1979

మీకు సలాం.

మీరు వచ్చి వెళ్ళినప్పటి నుంచి, ఈ రెండు రోజులుగా వార్డులో మీ మాటలే. సేమియా అందరికీ పంచాను. రామసముద్రం అమ్మాయి కూడా రెండు చెంచాలు తినింది.

"అంగడి మానేసి పుంగనూరులోనే పురుగులు పెంచుకుందామా?" అని మీరు అడిగినప్పుడు నేను తల వంచుకున్నాను. మీరు అది ఇష్టం లేక అనుకుని మాట మార్చేశారు. ఇష్టం లేక కాదు. ఈ జబ్బుతో వదిన వంటింట్లోకి ఎలా పోవడం అని. నిన్న వదినకే సూటిగా రాశాను. మీకు చూపించకుండా చదువుకోమని ఆమెకు చెప్పండి.

జైనాబ్

*

పుంగనూరు,
21-10-1979

జైనాబ్‌కు సలాం, దువా.

నీ ఉత్తరం చదివి వదిన, "పిచ్చిది! దానికి గది సున్నం కొట్టించి పెట్టినాను గూడా" అని నా ముందే అరిచింది. రహస్యం అలా పోయింది. కుప్పంలో సామాను సర్దుకుని వచ్చేశాను, ఆ పనుల్లో ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. గోవిందస్వామి మంచిగానే పంపాడు. చెంగమ్మ నీకోసం కొత్త మట్టి జాడీ ఇచ్చింది. నా చేతి మీద మొదటి పంట పోయిన నెలలోనే గూళ్ళు కట్టింది, ఇప్పుడు రెండోది నడుస్తోంది.

ఇప్పుడు నీకు ఒక ఫిర్యాదు. నిన్న మధ్యాహ్నం నేనూ మీ అన్నా ఆకు కోయడానికి పోయాము. వచ్చేసరికి షెడ్డులో బుడ్డోడు! కాళ్ళు ఈడ్చుకునే బుడ్డోడు గోడెక్కి, దూలం మీద పరుగెత్తి, పెంకుల సందులోంచి దిగాడు. పై తట్టలో నడి మధ్యన కూర్చున్నాడు. పొట్ట బానలా ఉంది. నాలుగో జ్వరం లేచిన పురుగులు, మూడు వారాల కష్టం, కనీసం ముప్పై తిన్నాడు. తలలు మాత్రం వరుసగా పక్కన పెట్టాడు. మీ అన్న కర్ర తీసుకుని, "బావా, నీ కొడుకు నా సంసారం ముంచేసినాడు!" అని షెడ్డు చుట్టూ పరుగు. వాడు ముందు, మీ అన్న వెనక, నేను మీ అన్న లుంగీ పట్టుకుని ఆయన వెనక. వదిన చేటతో గుమ్మంలో అడ్డం నిలబడి, ఎవరిని పట్టుకోవాలో తెలియక మీ అన్ననే చేటతో కొట్టింది. బుడ్డోడు వేపచెట్టెక్కి కూర్చుని మా నలుగురినీ తిట్టాడు.

నాలుగో మనిషి ఎవరంటావా? పక్క తోట శంకరప్ప, కేకలు విని పాము అనుకుని పార తెచ్చాడు.

ఈ రోజు షెడ్డు కిటికీలకు, చూరుకు ఇనుప జాలి బిగిస్తున్నాము.

అలావుద్దీన్

*

మదనపల్లె,
29-10-1979

మీకు సలాం.

మీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. అన్నం తిన్న తరువాత పూలమ్మ మంచం మీద కూర్చుని చదివాను. వదిన చేట దగ్గరికి వచ్చేసరికి నవ్వు పట్టలేకపోయాను. పూలమ్మ కూడా మొదలుపెట్టింది. రామసముద్రం అమ్మాయి గోడ వైపు నుంచి తిరిగి, "ఏంది, ఏంది, మళ్ళా సదువు" అంది. మళ్ళీ చదివాను. పార పట్టుకున్న శంకరప్ప దగ్గర నేను మంచం మీదికి ఒరిగిపోయాను, కళ్ళలో నీళ్ళు. నర్సమ్మ ఏదో అయిందనుకుని గిన్నె తీసుకుని పరుగెత్తి వచ్చింది.

అప్పుడు నాకు తెలిసింది. ఏడాదిగా నేను నవ్వడానికి భయపడుతున్నాను. కొంచెం గట్టిగా నవ్వితే దగ్గు లేచేది, దగ్గుతో పాటు ఎర్రగా పడేది. ఈ రోజు కడుపు పట్టుకుని నవ్వాను, ఊపిరి అందనంతగా నవ్వాను, దగ్గు రాలేదు. నర్సమ్మ గిన్నె పట్టుకుని అలా నిలబడింది. వట్టి గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం డాక్టరమ్మ కొత్త ఫోటో దీపానికి ఎత్తి చూపించింది. ఊపిరితిత్తిలోని మచ్చ మానిపోయిందట. ఇంటి దగ్గర ఏడాది మాత్రలు మింగాలి, నెలకొకసారి వచ్చి చూపించుకోవాలి. బక్రీదు తరువాత సోమవారం పంపిస్తామన్నారు.

మీరు రావద్దు. మూట నేనే మోసుకోగలను. పదకొండు గంటల బస్సుకు పుంగనూరులో దిగుతాను. బస్టాండులో నిలబడి ఉండండి, చాలు.

జైనాబ్